రావి ఆకు ఈనెలు

అలిపిరిలో బస్సు దిగినవాళ్ళలో ఎక్కువమంది చూపు కొండ మీదికి పోతుంది. కొందరు మాత్రం జూపార్కు రోడ్డు పట్టుకుని శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రికి పోతారు. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్‌కు ఇది తిరుపతి శాఖ. టీటీడీ ఇచ్చిన స్థలంలో 2019లో మొదలైంది.

చుక్కల మందు వేయించుకుని కండ్లు మూసుకుని కూచున్న ఓ అవ్వ పక్కనున్న కొడుకుని అడిగింది: "నాకు బాగానే కనపడతా ఉండాది గదా నాయనా, మళ్ళా ఈ మందెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. అవ్వకు షుగరు ఉంది. షుగరు ముందు దెబ్బతీసేది చూపును కాదు, కంటి లోపలి తెర రెటీనాలోని సన్న రక్తనాళాలను. వాటిలో ఎర్రకణాలు ఒకదాని వెనక ఒకటి ఒదిగి పోవాల్సిందే. ఆ నాళాలను బయటి నుంచి పట్టుకుని ఉండే కణాలు పెరిసైట్లు. 1873లోనే ఫ్రాన్స్‌లో షార్ల్ రూజే వీటి గురించి రాశాడు. మైక్రోస్కోపులో నాళం మీద చిన్న బుడిపెలా కనిపిస్తాయి. ఆ బుడిపె నుంచి సన్నటి చేతులు సాగి నాళాన్ని చుట్టుకుంటాయి. నాళం బిగువును చూసుకునేవీ, గోడ కారకుండా కాసేవీ ఇవే. కండరాల్లో గోడ కణాలు ఎన్నో ఉన్నచోట పెరిసైటు ఒక్కటే ఉంటుంది. రెటీనాలో దాదాపు ఒకటికి ఒకటి! చూపు కోసం ఒళ్ళు ఇంత కాపలా పెట్టుకుంది.

రావి ఆకును నీళ్ళలో నానబెట్టి, కండంతా కుళ్ళిపోయాక మిగిలిన ఈనెలను పుస్తకంలో దాచుకోని పిల్లలుంటారా? అమెరికాలో కువబారా, కోగన్‌లు 1960 ప్రాంతంలో రెటీనాకు అలాంటి పనే చేశారు. ట్రిప్సిన్ అనే ఎంజైములో నానబెట్టి, నాళాల వల ఒక్కటే మిగిల్చి చూశారు. షుగరు ఉండి చనిపోయినవాళ్ళ రెటీనాలో నాళాలు ఉన్నాయి గానీ పెరిసైట్లు ఉండాల్సిన చోట్లు ఖాళీ. పట్టు పోయిన నాళం, పలచబడ్డ సైకిలు ట్యూబులా అక్కడక్కడా ఉబ్బుతుంది. కారుతుంది, చిట్లుతుంది. ఆ దెబ్బ రెటీనా నడిమి భాగం దాకా రానంతవరకు చాలామందికి చూపు బాగానే ఉన్నట్టుంటుంది.

తిరుపతికి దగ్గర్లోనే శ్రీకాళహస్తి. స్వామి కంట్లో నెత్తురు చూసి తన కన్ను పెకలించి ఇచ్చిన కన్నప్ప కథ జరిగిన ఊరు. ఆ నెత్తురు బయటికి కారింది కాబట్టి కన్నప్పకు కనపడింది. మన రెటీనాలో కారేది ఇంట్లోవాళ్ళకు కాదు గదా, మనకే తెలీదు. కంటిపాపను పెద్దది చేసి డాక్టరు లోపలికి చూడాలి. అవ్వ కంట్లో చుక్కలు వేసింది అందుకే.

లేజరు, ఇంజెక్షన్లు కారడాన్ని ఆపగలవు. పోయిన పెరిసైట్లను తిరిగి తెచ్చే మందు మాత్రం ఇంకా రాలేదు. పెద్దవయసులో షుగరు బయటపడితే ఆ వెంటనే, ఆ తర్వాత ఏడాదికోసారి కండ్లు చూపించుకోండి. చుక్కల మసక కొన్ని గంటల్లో పోతుంది. ఆ రోజు బండి నడపకండి, తోడుకు ఒకరిని తీసుకుపోండి.