కొమ్మతో పాటు నాలుగు మాటలు

బ్యాంకు ఉద్యోగమంటే బదిలీలు తప్పవు. కొన్నేళ్లకో ఊరు, ఊరికో అద్దె ఇల్లు. సామానంతా లారీ ఎక్కాక, ఆఖరున ఎవరి ఒళ్లోనో కూర్చుని ప్రయాణం చేసేవి ఇంట్లోని కుండీలు. పెరడు లేని ఇళ్లలో, కిటికీ అంచున, బాల్కనీ మూలన, ఫ్రిజ్ పైన మన కుటుంబాల్లో ఎంతోమంది మొక్కలు పెంచుతున్నారు. పాతికేళ్లు గడిచేసరికి ఆ ఇష్టం వాళ్లకు తెలియకుండానే ఒక పరిజ్ఞానంగా మారి ఉంటుంది. అడిగితే మాత్రం "ఏదో నాలుగు మొక్కలు పెంచుకుంటాను, అంతే" అంటారు.

ఆ "అంతే" వెనక చాలా ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇంట్లోవాళ్లు దాన్ని గుర్తించకపోవచ్చు. కాని పక్కింటివారికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన వారికి అది ఎంతో పనికొస్తుంది. ఇంటి మొక్కల మీది ఇష్టం పరిజ్ఞానంగా ఎలా మారుతుందో, దాన్ని నలుగురికీ ఎలా పంచాలో, పంచేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చూద్దాం.

మనీ ప్లాంట్ ప్రయాణం

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మనీ ప్లాంట్. దీని సొంత ఊరు పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా అనే చిన్న దీవి. ఈ తీగకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. ఇది దాదాపుగా పూయదు. పూత పట్టడానికి కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోను ఇందులో సరిగా తయారు కాకపోవడమే దానికి కారణమని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. పువ్వు లేదంటే గింజ లేదు. అంటే మన గుమ్మం పక్కన పాకుతున్న తీగ గింజ నుంచి మొలిచింది కాదు. ఎవరో ఒకరు కణుపు దగ్గర కత్తిరించిన ముక్క నుంచే పెరిగింది. ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ అది ఇక్కడిదాకా వచ్చింది.

మనీ ప్లాంటును దొంగిలించి నాటితేనే కలిసివస్తుందని మన వాళ్లలో ఒక నమ్మకం. అడిగి తెచ్చుకున్నా, చెప్పకుండా తెచ్చుకున్నా కణుపుకు వేళ్లు ఒకేలా వస్తాయి. తేడా మరోచోట ఉంది. దొంగిలించిన కొమ్మతో సలహా రాదు. "కనీసం ఒక కణుపు నీళ్లలో మునగాలి, వారానికోసారి నీళ్లు మార్చు, ఎర్రటి ఎండలో పెట్టకు" అనే నాలుగు మాటలు అడిగినవాళ్లకే దొరుకుతాయి. మొక్క బతకడానికి కొమ్మ ఎంత ముఖ్యమో ఆ మాటలూ అంతే ముఖ్యం.

లండన్ డాక్టరు గాజు సీసా

ఒక వ్యక్తి సరదా లోకానికి ఎంత ఉపయోగపడగలదో చెప్పడానికి నథానియల్ వార్డ్ మంచి ఉదాహరణ. ఆయన లండన్‌లో వైద్యుడు. ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. కాని ఆనాటి లండన్ బొగ్గు పొగకు ఆయన నాటిన ఫెర్న్‌లు బతికేవి కావు. 1829 ప్రాంతంలో ఒక చిమ్మట గూడును తడి మట్టిలో ఉంచి, గాజు సీసాలో పెట్టి మూత బిగించారు. కొన్నాళ్లకు ఆ మట్టిలో చిన్న ఫెర్న్, ఒక గడ్డి మొక్క మొలిచాయి. పగలు మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టి, చల్లబడి మళ్లీ మట్టిలోకే జారుతోందని ఆయన గమనించారు. పైనుంచి నీళ్లు పోయకుండానే మొక్కలు బతుకుతున్నాయి.

ఆ తర్వాత గాజు పెట్టెలు చేయించి, 1833లో మొక్కలతో సిడ్నీకి ఓడలో పంపారు. నెలల ప్రయాణం తర్వాత కూడా మొక్కలు పచ్చగా చేరాయి. 1842లో తను గమనించినదంతా పుస్తకంగా రాశారు. చైనా తేయాకు మొక్కలు మన హిమాలయ ప్రాంతాలకు చేరడానికి తోడ్పడినవి ఇలాంటి పెట్టెలే. ఇప్పుడు చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో కనిపించే టెర్రేరియాలకు మూలం కూడా అదే. చాలామంది ఆ సీసాను చూసి "భలే ఉందే" అని వదిలేసేవారు. వార్డ్ కారణం వెతికారు, దాచుకోకుండా చెప్పారు. ఇష్టం పరిజ్ఞానంగా మారేది ఈ రెండు పనుల వల్లే.

"ఎందుకు" తెలిస్తేనే పరిజ్ఞానం

మొక్కలు పెంచే చాలామందికి ఏం చేయాలో తెలుసు. ఎందుకు చేయాలో కూడా తెలిస్తే వారి మాటకు విలువ పెరుగుతుంది.

నీళ్ల సంగతే తీసుకోండి. ఇంట్లోని మొక్కలు నీళ్లు చాలక చనిపోవడం కంటే ఎక్కువై చనిపోవడమే ఎక్కువ. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లిపోతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు కనుక ఆకులు వాలిపోతాయి. పాపం దాహం వేస్తోందేమో అని మనం ఇంకో చెంబు పోస్తాం. అందుకే "వారానికి రెండుసార్లు పోయండి" అనే సలహా పనికిరాదు. రాజమండ్రి మే నెలకూ, విశాఖ వానాకాలానికీ లెక్క ఒకటి కాదు. వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయమనడం సరైన సలహా.

వెలుతురు విషయంలో మన కళ్లే మనల్ని మోసం చేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటే, కిటికీకి దూరంగా గది మధ్యలో కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. మన కంటిపాప దానికి తగ్గట్టు సర్దుకుంటుంది కాబట్టి గది బాగానే వెలుతురుగా ఉందనిపిస్తుంది. మొక్కకు మాత్రం అది అర్ధాకలి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ కొంతవరకు ఓర్చుకుంటాయి. క్రోటన్లు రంగు పోగొట్టుకుంటాయి. తూర్పు కిటికీలో ఉదయపు ఎండ చాలా మొక్కలకు సరిపోతుంది. పడమటి కిటికీలో వేసవి ఎండకు లేత ఆకులు మాడతాయి.

ఇలాంటివి ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మంచిది. ఏ మొక్క ఎప్పుడు తెచ్చాం, ఎక్కడ పెట్టాం, ఎప్పుడు కుండీ మార్చాం, ఏ నెలలో పిండినల్లి పట్టింది, పలచని సబ్బునీటిలో ముంచిన దూదితో తుడిస్తే ఎన్నాళ్లకు పోయింది. మొక్కలకూ ఒక పాస్‌బుక్ అన్నమాట. రెండేళ్ల పద్దులు చూస్తే మీ ఇంటి వెలుతురుకు, మీ ఊరి వాతావరణానికి సరిపోయే లెక్క మీకే తెలుస్తుంది. అది ఏ పుస్తకంలోనూ దొరకదు.

చెప్పేముందు అడగండి

"ఆంటీ, మా మొక్క ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఏం చేయాలి?" అని పక్కింటి అమ్మాయి అడగగానే మందు పేరు చెప్పడం తొందరపాటు. మంచి డాక్టరు లాగే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. కుండీ అడుగున చిల్లు ఉందా? కిటికీకి ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున? నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు? ఈ మధ్య కుండీ గాని, చోటు గాని మార్చారా? చాలాసార్లు అడిగినవారే జవాబు చెబుతూ కారణం కనిపెట్టేస్తారు. అడుగున చిల్లు లేని అందమైన పింగాణీ కుండీయే దోషి అని తేలే సందర్భాలు తక్కువేమీ కాదు.

బ్యాంకు కుటుంబాల నుంచి తరచుగా వచ్చే ఇంకో ప్రశ్న, నెల రోజులు పిల్లల దగ్గరికి వెళ్తే మొక్కల సంగతి ఏమిటని. ఒక బకెట్ నిండా నీళ్లు పోసి కుండీల కంటే కాస్త ఎత్తులో పెట్టండి. లావుపాటి నూలు వత్తులు తడిపి, ఒక కొస బకెట్ అడుగుకు, రెండో కొస కుండీ మట్టిలోకి ఉంచండి. దీపపు వత్తి నూనె పీల్చినట్టే అది నీటిని కొద్దికొద్దిగా అందిస్తుంది. కుండీలను ఎండ తగలని చోటికి మార్చండి. ప్రయాణానికి వారం ముందే పెట్టి చూస్తే ఎన్ని వత్తులు కావాలో, బకెట్ ఎన్నాళ్లు వస్తుందో తేలిపోతుంది.

విన్నదంతా పంచకూడదు

ఇంట్లో నాలుగు మొక్కలుంటే గాలి శుభ్రపడుతుందనే మాట అందరూ వినే ఉంటారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1989లో ఇచ్చిన ఒక నివేదిక దీనికి ఆధారం. ఆ ప్రయోగాలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. మన ఇళ్లలో తలుపులు, కిటికీల గుండా గాలి మారుతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరిగి లెక్కకట్టి, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి దాకా కావాలని చెప్పారు. ఆస్తమా ఉన్న పిల్లవాడి తల్లికి "స్నేక్ ప్లాంట్ పెట్టండి, తగ్గిపోతుంది" అని చెబితే మనం ఆమెకు మేలు చేసినట్టు కాదు. పచ్చదనం కంటికి, మనసుకు హాయి. ఆ మాట చెబితే చాలు.

భద్రత గురించి మాత్రం తప్పక చెప్పాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మన సామెత. ఆ కంద, చామదుంపల కుటుంబానికి చెందినవే మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, అగ్లోనిమా. వీటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పాకే పిల్లలు కొరికితే నోరు మండి, నాలుక వాస్తుంది. డిఫెన్‌బాకియాతో ఇబ్బంది మరీ ఎక్కువ. అలా జరిగితే నోరు శుభ్రంగా కడిగించి వెంటనే డాక్టరుకు చూపించాలి, మొక్క ఫొటో కూడా చూపించాలి. చంటిపిల్లలు ఉన్న ఇంటికి మొక్క కానుక ఇవ్వాలంటే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ మంచివి.

పంచుకునే చోట్లు

మొక్కల పరిజ్ఞానాన్ని నలుగురూ కలిసి పంచుకోవడం మన దేశంలో కొత్తేమీ కాదు. విలియం కేరీ చొరవతో 1820లో కలకత్తాలో, ఆ తర్వాత 1835లో మద్రాసులో వ్యవసాయ, ఉద్యాన సంఘాలు ఏర్పడ్డాయి. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఏటా గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి జరిగే పూల ప్రదర్శనలు ఎంతోమందికి పాఠశాలలు. రాజమహేంద్రవరం దగ్గర కడియం వెళ్తే ఊరి వెంట ఊరు నర్సరీలే. అక్కడ మొక్క కొని వచ్చేయకుండా, అంట్లు కట్టే మనిషితో పది నిమిషాలు మాట్లాడి చూడండి. ఆ చేతుల్లో ఉన్న చదువు అర్థమవుతుంది.

అంత దూరం వెళ్లలేకపోతే అపార్ట్‌మెంటు సెల్లార్ చాలు. నెలకో ఆదివారం ఎవరి దగ్గరున్న పిలకలు, కొమ్మలు వారు తెచ్చి మార్చుకోవచ్చు. ప్రతి కొమ్మకూ ఒక చీటీ కట్టండి. పేరు, వెలుతురు, నీళ్లు, జాగ్రత్త అని నాలుగు వరుసలు చాలు.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచి సలహా కోసం ఫోను మోగడం ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్లు నలుగురికి దారి చూపిన మనిషికి అది చిన్న లోటు కాదు. బదిలీల వెంట తిరుగుతూ తమ ఉద్యోగాలను, స్నేహితులను వదులుకుని వచ్చిన మన గృహిణులకైతే కొత్త ఊళ్లో పలకరించేవారు దొరకడమే కష్టం. "మీ మొక్కలు భలే ఉన్నాయండీ, మాకో పిలక ఇస్తారా?" అన్న ఒక్క మాటతో ఎన్నో పరిచయాలు మొదలవుతాయి. మనకు తెలిసినది ఇంకొకరికి అవసరమైందన్న తృప్తి మనిషిని నిలబెడుతుంది.

ఈసారి బదిలీ మీద వెళ్లే సహోద్యోగికి వీడ్కోలు ఇచ్చేటప్పుడు, పూలగుచ్ఛంతో పాటు మీ ఇంటి తీగ నుంచి ఒక కొమ్మ ఇవ్వండి. పూలు రెండు రోజుల్లో వాడిపోతాయి. కొమ్మకు తడి గుడ్డ చుట్టి, నాలుగు వరుసల చీటీ కట్టి ఇస్తే అది కొత్త ఊళ్లో వేళ్లు పట్టి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది.