అరుదైన చోట ఆలస్యమే ప్రమాదం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అడుగుపెట్టిన ప్రతి పరిశోధకుడూ ఒకే ప్రశ్న వేస్తాడు: కిడ్నీ జబ్బు ఇక్కడే ఎందుకింత ఎక్కువ? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తాగునీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు. తోటల్లో చల్లే పురుగుమందుల్ని అనుమానించారు, మండుటెండలో గుక్కెడు నీళ్లు లేకుండా చేసే కూలిపనిని అనుమానించారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ ఆసుపత్రీ మొదలయ్యాయి. తిరుగులేని జవాబు మాత్రం ఇంకా చేతికి చిక్కలేదు.

ఇదే శ్రీకాకుళం, విజయనగరం నేల మీద మరో జబ్బు గురించి వేయాల్సిన ప్రశ్న దీనికి పూర్తిగా ఎదురు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఇక్కడ ఎందుకింత తక్కువ? తక్కువ కావడం మన అదృష్టమే. అయితే ఆ జబ్బు వచ్చిన కొద్దిమందికి మాత్రం ఈ అరుదుతనమే శత్రువు. ఎవరూ దాన్ని ఊహించరు, కాబట్టి ఎవరూ వెతకరు. వెతకని ఆ ఏళ్లలో నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఎమ్మెస్ అని పొట్టిగా పిలిచే ఈ జబ్బు మెదడుకు, వెన్నుపాముకు, కంటి నరానికి వస్తుంది. అక్కడి నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలో కొద్ది కొద్ది దూరానికి ఒక ఖాళీ ఉంటుంది. సంకేతం పోగు పొడవునా పాకదు, ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దూకుతుంది. అందుకే మైలిన్ బాగా ఉన్న నరంలో సంకేతం సెకనుకు 100 మీటర్ల వేగాన్ని కూడా దాటగలదు. పొర లేని సన్నని నరంలో ఆ వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లే. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక కణాలే రక్తనాళాల గోడలు దాటి లోపలికి వచ్చి మైలిన్‌ను కొరికేస్తాయి. సంకేతం నెమ్మదిస్తుంది, తడబడుతుంది, ఆగిపోతుంది. దెబ్బతిన్న చోట గట్టి మచ్చ మిగులుతుంది. 1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు ఈ మచ్చలకూ, బతికుండగా రోగి పడ్డ బాధలకూ లంకె వేసి దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా నిలబెట్టాడు.

ప్రపంచంలో ఇప్పుడు 28 లక్షల మందికి పైగా ఎమ్మెస్‌తో బతుకుతున్నారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. కెనడా, డెన్మార్క్, జర్మనీ లాంటి దేశాల్లో లక్ష జనాభాకు 250 నుంచి 300 మంది దాకా ఉన్నారు. మంగళూరులో డాక్టర్ లేఖా పండిట్ బృందం జాగ్రత్తగా లెక్క తీస్తే లక్షకు సుమారు 8 మంది తేలారు. ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనం కలిపి సుమారు 50 లక్షలు. అంటే అంచనాగా 400 మంది. ఒక మండల కేంద్రంలోని వైద్యుడు తన జీవితకాలంలో ఒకరిద్దరిని చూస్తే ఎక్కువ.

భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఎమ్మెస్ పెరగడం చాలాకాలంగా పరిశోధకులు గమనించిన సంగతి. ఇది పూర్తిగా వంశపు రక్తంలో ఉన్న తేడా అయితే మనిషి ఎక్కడికి పోయినా మారకూడదు. మారుతోంది. దక్షిణాఫ్రికాకు వలస వచ్చిన ఐరోపావాళ్లను గమనించిన జెఫ్రీ డీన్, చిన్నతనంలోనే వచ్చినవాళ్లకు ముప్పు తగ్గిందనీ, పెద్దయ్యాక వచ్చినవాళ్లు పుట్టిన దేశపు ముప్పునే మోసుకొచ్చారనీ చూపించాడు. 1990లో ఆయనే మరో ఇద్దరితో కలిసి ఇంగ్లండులో ఇంకో విషయం తేల్చాడు. భారత ఉపఖండం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లలో ఎమ్మెస్ అరుదు. వాళ్లకు అక్కడే పుట్టిన పిల్లల్లో మాత్రం అది దాదాపు అక్కడి తెల్లవాళ్ల స్థాయికి చేరింది. ఒక్క తరంలో జన్యువులు మారవు. మారింది గాలి, వెలుతురు, చిన్నప్పుడు సోకే క్రిములు. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

వెలుతురు అనగానే మనకు అరసవల్లి గుర్తుకొస్తుంది. సూర్యుడికి గుడి కట్టి కొలిచే ఆ ఊరు ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలకు కాస్త పైన ఉంది, ఏడాది పొడవునా ఎండకు కరువు లేదు. చర్మం మీద ఎండ పడితే విటమిన్ డి తయారవుతుంది. రోగనిరోధక కణాల దూకుడును అది కొంత అణుస్తుంది. 2006లో అమెరికా సైనికుల రక్తనమూనాలను పరిశీలించినప్పుడు, విటమిన్ డి ఎక్కువగా ఉన్న తెల్లజాతి సైనికులకు తర్వాతి ఏళ్లలో ఎమ్మెస్ తక్కువగా వచ్చినట్టు కనబడింది. అలాగని ఎండ ఒక్కటే కవచం కాదు. మన దేశంలో ఇంత ఎండలోనూ విటమిన్ డి లోపం విపరీతంగా ఉంది, అయినా ఎమ్మెస్ తక్కువే. ఇంకేదో ఉండాలి.

ఆ ఇంకేదో 2022 జనవరిలో స్పష్టంగా బయటపడింది. హార్వర్డ్‌లో అల్బెర్తో అస్కేరియో బృందం కోటిమందికి పైగా అమెరికా సైనికుల వివరాలను 20 ఏళ్ల మేర వెతికింది. వాళ్లలో 955 మందికి ఎమ్మెస్ వచ్చింది. సైన్యం దాచి ఉంచిన పాత రక్తనమూనాలు తీసి చూస్తే, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకిన తర్వాత ఎమ్మెస్ ముప్పు 32 రెట్లు పెరిగింది. నమూనాలు దొరికిన 801 మందిలో జబ్బు మొదలయ్యేనాటికి ఆ వైరస్ సోకనిది ఒక్కరికే. మరే వైరస్‌కూ ఇలాంటి సంబంధం కనబడలేదు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లోపలి కీలకాన్ని చూపించారు. ఈ వైరస్‌లోని ఒక ప్రోటీను ముక్క మెదడులోని ఒక ప్రోటీనును పోలి ఉంటుంది. వైరస్ మీద గురిపెట్టిన ప్రతిరక్షకాలు పొరపాటున సొంత మెదడును కొడుతున్నాయి.

ఈ వైరస్ పెద్దల్లో నూటికి 90 మందికి పైగా ఉంటుంది, ఈ వ్యాసం చదివేవాళ్లలోనూ ఎక్కువమందిలో ఉంది. మన ఊళ్లలో చాలామంది పిల్లలకు అది ఎంగిలి ద్వారా పసితనంలోనే, జలుబంత తేలిగ్గా సోకుతుంది. ధనిక దేశాల్లో చాలామందికి టీనేజీలో సోకి, గ్రంథులు వాచి వారాల తరబడి పడకేయించే జ్వరం తెస్తుంది. అలా ఆలస్యంగా, జోరుగా సోకినవాళ్లకే ఎమ్మెస్ ముప్పు ఎక్కువ. మన దగ్గర జబ్బు తక్కువగా ఉండడానికి ఇది ఒక బలమైన కారణమని నేను నమ్ముతున్నాను. వైరస్‌కు తోడు జన్యువులు, పొగతాగడం, చిన్నవయసు స్థూలకాయం కలిసినప్పుడే నిప్పు అంటుకుంటుంది. జన్యువులు తలరాత కావనడానికి కవలలే సాక్ష్యం: ఒకే పిండం నుంచి పుట్టిన ఇద్దరిలో ఒకరికి ఎమ్మెస్ వస్తే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి 25, 30 మాత్రమే.

జబ్బు మోసం దాని మొదటి అడుగులోనే ఉంది. ఒక కన్ను కదిలిస్తే నొప్పి, రెండు మూడు రోజుల్లో ఆ కంటికి చూపు మసకబారుతుంది, ఎరుపు రంగు వెలిసినట్టు కనబడుతుంది. లేదా నడుము కిందంతా తిమ్మిరి. కాలు ఈడుస్తుంది, తల వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు అవుతుంది, మూత్రం ఆపుకోలేరు. కొన్ని వారాలు ఉండి, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది! తగ్గినప్పుడు ఏ వైద్యం చేయిస్తుంటే ఆ వైద్యానికే పేరొస్తుంది. బి12 సూదులకు, పసరు మందుకు, మొక్కుకు. ‘నరాల బలహీనత’ అని ఒకరంటారు, మెడ ఎముకలు అరిగాయని ఇంకొకరు. పెళ్లయిన కొత్తలో ఉన్న అమ్మాయి అయితే పని ఎగ్గొట్టడానికి నటిస్తోందని అత్తింటివాళ్లు అనడమూ ఉంది. ఆ మాట ఎంత కోత కోస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఏడాదికో రెండేళ్లకో ఇంకో దెబ్బ వేరే చోట తగులుతుంది. మొదటిదానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు.

నిర్ధారణకు ఆధారం ఎమ్మారై. మచ్చలు వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో పడ్డాయని రుజువు కావాలి. 2001లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ పేరుమీద వచ్చిన ప్రమాణాలను అప్పటినుంచి మెరుగుపరుస్తూ వస్తున్నారు, ఇప్పుడు తొలి దెబ్బకే తేల్చగలిగే సందర్భాలు పెరిగాయి. మన ప్రాంతంలో బి12 లోపాన్ని, మెదడు క్షయను తోసిపుచ్చడం తప్పనిసరి. ఎన్ఎంఓ అనే మరో జబ్బు ఉంది, పైకి ఎమ్మెస్‌లాగే ఉంటుంది. దాన్ని పట్టిచ్చే రక్తపరీక్షకు దారి 2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో దొరికింది. ఎమ్మెస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ లాంటి మందులు దానికి ఇస్తే రోగి మరింత దిగజారతాడు. ఇవన్నీ విడమరిచి చూడగలిగింది నరాల డాక్టరే. టెక్కలి నుంచైనా సాలూరు నుంచైనా అందుకోసం చాలామంది చేరేది విశాఖ కేజీహెచ్‌కో, అక్కడి ప్రైవేటు ఆసుపత్రులకో.

ఎండ గురించి మరో మాట. మైలిన్ ఊడిన నరం వేడిని తట్టుకోలేదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా పాత లక్షణాలు తాత్కాలికంగా తిరగబెడతాయి. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు దీన్ని వర్ణించాడు. మే నెల ఉక్కలో మన తీరపు రోగికి చూపు మసకేసి కాళ్లు తేలిపోతే అది కొత్త దెబ్బ కాకపోవచ్చు. నీడకు చేరి, చన్నీళ్లు పోసుకుని ఒళ్లు చల్లబడితే తగ్గుతుంది. తగ్గకుండా 24 గంటలు దాటితే డాక్టరు చూడాలి.

నూటికి 85 మందిలో జబ్బు దెబ్బలు దెబ్బలుగా వస్తుంది, మధ్యలో తేరుకుంటారు. పాత రోజుల్లో దెబ్బల్ని లెక్కపెడితే చాలనుకునేవారు. అది చాలదని ఇప్పుడు తెలిసింది. మచ్చల అంచుల్లో మైక్రోగ్లియా అనే కణాలు నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటాయి. పైకి దెబ్బ కనబడకపోయినా నడక నెమ్మదిస్తుంది, మతిమరుపు వస్తుంది. 22 వేలమందికి పైగా రోగుల జన్యువులు చదివి 2023లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక జన్యుభేదం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అందినవాళ్లకు చేతికర్ర దాదాపు నాలుగేళ్లు ముందే అవసరమైందని తేలింది. జబ్బును తెచ్చే జన్యువులు రోగనిరోధక కణాలవి. దాన్ని ముదిరేలా చేసేవి ఎక్కువగా మెదడు ఓర్పుకు సంబంధించినవి. మందుల పరిశోధన ఇప్పుడు ఈ రెండో దారి పట్టింది.

మందుల కథలో మన వాటా చిన్నదేం కాదు. 1993 దాకా ఎమ్మెస్ గతిని మార్చే మందే లేదు, ఆ ఏడాది ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. రోగనిరోధక కణాల్లో అందరూ టీ కణాల వెనకపడ్డ రోజుల్లో స్టీఫెన్ హౌసర్ అనే అమెరికా వైద్యుడు అసలు దోషులు బీ కణాలని వాదించాడు. క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌తో ఆ కణాలను తొలగించి 2008లో ప్రకటించిన ఫలితాల్లో మెదడులోని తాజా మచ్చలు 91 శాతం తగ్గాయి. ఎప్‌స్టీన్ బార్ వైరస్ దాక్కునేది కూడా బీ కణాల్లోనే! రిటుక్సిమాబ్ వారసురాలైన ఓక్రెలిజుమాబ్‌కు 2017లో అనుమతి వచ్చింది కానీ, ధర మన సామాన్యుడి ఊహకు కూడా అందదు. రిటుక్సిమాబ్‌కు మాత్రం 2007లోనే హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ తక్కువ ధర రూపాన్ని మార్కెట్లోకి తెచ్చింది. మన నరాల డాక్టర్లు ఎమ్మెస్‌కు, ఎన్ఎంఓకు ఆ రకం మందునే విరివిగా వాడుతున్నారు. 2022లో స్వీడన్ పరీక్షలో రెండేళ్లలో రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో నూటికి ముగ్గురికి, డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఖరీదైన మరో ఎమ్మెస్ మందు తీసుకున్నవాళ్లలో నూటికి 16 మందికి జబ్బు తిరగబెట్టింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ఎమ్మెస్ మందులను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చినప్పుడు అందులో రిటుక్సిమాబ్ ఉంది, గ్లాటిరమర్ ఉంది. రెండోదాని జనరిక్‌ను అమెరికా దాకా చేర్చడంలో భాగస్వామి హైదరాబాదు నాట్కో. మందు మన ముంగిట్లో ఉంది. రిటుక్సిమాబ్ వాడే ముందు హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు చేయించుకోవడం మరవకూడదు.

నివురుగప్పిన నిప్పులా రగిలే దశకు మందు ఇప్పుడిప్పుడే కనబడుతోంది. మెదడులోకి చొరబడగల టోలెబ్రుటినిబ్ అనే మాత్ర, దెబ్బలు ఆగి మెల్లగా దిగజారుతున్న రోగుల్లో వైకల్యం పెరిగే ముప్పును 31 శాతం తగ్గించిందని 2025లో ప్రచురించారు. కాలేయానికి హాని చేసే గుణం దానికి అడ్డంకిగా ఉంది. పోయిన మైలిన్‌ను తిరిగి అల్లించే మందు మీద ఆశలున్నాయి, చేతికి రాలేదు.

కాబట్టి ఇవాళ మన చేతిలో ఉన్న బలమైన ఆయుధం తొందరగా మొదలుపెట్టడమే. ఒక కంటి చూపు నొప్పితో తగ్గినా, తిమ్మిరి ఒకేచోట 24 గంటలకు మించి సాగినా, తగ్గిపోయినా సరే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టండి, నరాల డాక్టరుకు చూపించండి. కంటినరం వాపుకు తక్కువ మోతాదు స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే వాడితే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుందని 1992లోనే అమెరికా పరీక్ష ఒకటి తేల్చింది. మందులషాపులో అడిగి తెచ్చుకోవద్దు. సెలైన్‌లో పెట్టే స్టెరాయిడ్ దెబ్బ నుంచి త్వరగా కోలుకోనిస్తుందే తప్ప తర్వాతి దెబ్బను ఆపదు, ఆపే మందు వేరే ఉంది. ఎమ్మెస్ అంటువ్యాధి కాదు. ఎమ్మెస్ ఉన్న ఆడపిల్ల పెళ్లి చేసుకోవచ్చు, డాక్టరు సలహాతో మందులు సర్దుకుని బిడ్డల్ని కనొచ్చు. గర్భం చివరి నెలల్లో దెబ్బలు తగ్గుతాయి కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఎమ్మారై రిపోర్టులు, డాక్టరు రాసిన చీటీలు వెంట తీసుకెళ్లి, ఆ జబ్బు పేరు చెప్పి మరీ ధ్రువపత్రం అడగండి.