గర్భిణుల రక్తపోటు: ఇంటికడనే చూచి సెల్‌ఫోను మూలమున తెలుపు విధానము

పాలకేంద్రమున ప్రతిదినము రెండు పూటల పాలు కొలిచి, వెన్నశాతము చూచి, పుస్తకమున వ్రాయుచుందురు. ఒక్కనాటి కొలతను బట్టి పశువు సంగతి నిర్ణయింపరాదని ప్రతి రైతునకును తెలియును. అట్టి మన యిండ్లలోనే కడుపుతోనున్న కోడలికి నెలకొకతూరి మాత్రమే రక్తపోటు చూపింతుము. నడుమ దినములలో నేమి జరుగుచున్నదో యెవ్వరు నెఱుగరు.

ఇరువదవ వారము దాటిన పిమ్మట కొందఱు గర్భిణులకు రక్తపోటు హెచ్చును. మూత్రమున మాంసకృత్తులు పోవును. మూత్రపిండములు, కాలేయము దెబ్బతినును. మాయకు రక్తము చాలక శిశువు ఎదుగుదల తగ్గును. ముదిరినచో మూర్ఛలు వచ్చి తల్లి ప్రాణమునకే ముప్పు గలుగును. దీనినే మన పెద్దలు గుఱ్ఱపువాత మనిరి. ఆరంభమున నొప్పి గాని జ్వరము గాని యుండదు. ముఖము ఉబ్బినను "నీరు పట్టినది, మామూలే" యని పెద్దలు సమాధానము చెప్పుకొందురు. కాళ్లవాపు అనేకులకు మామూలే కావచ్చును గాని, ముఖమును చేతులును ఒక్కసారిగా ఉబ్బుట మామూలు కాదు.

తొలిచూలువారు, కవలలను మోయువారు, నలువది యేండ్లు దాటినవారు, మధుమేహము గాని మూత్రపిండవ్యాధి గాని మునుపే రక్తపోటు గాని యున్నవారు, వెనుకటి కాన్పున నీ వ్యాధి పొందినవారు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. వీరిలో తగినవారికి వైద్యులు మూడవ నాలుగవ నెలలలోనే తక్కువ మోతాదు ఆస్పిరిను మొదలుపెట్టుదురు. అది వైద్యుని యాజ్ఞపైననే గాని అంగటిలో కొని మ్రింగదగినది కాదు.

ఇట్టివారి యింట కరెంటు సెల్లులతో నడచు రక్తపోటు యంత్ర మొకటి యుంచి, అంకెలను సెల్‌ఫోనులో ఆసుపత్రికి పంపు పద్ధతి యిప్పుడు అనేక దేశములలో నున్నది. లండను కింగ్సు కళాశాలవారు రూపొందించిన యంత్రమున పచ్చ, పసుపు, ఎఱ్ఱ దీపములుండును. చదువురానివారును దాని భావము గ్రహింపవచ్చును. అది ఫోను ఛార్జరుతోనే నిండును.

ఐతే యంత్రము కొన్నంతనే కార్యము తీఱదు. ఇంగ్లండులో రెండువేల నాలుగువందలకు పైబడిన గర్భిణులలో కొందఱికి ఇంటి పరీక్షను, కొందఱికి మామూలు పరీక్షను ఏర్పఱచి చూడగా, ఇంటికడ చూచుకొన్నవారికి వ్యాధి ముందుగా బయటపడలేదని 2022 లో తేలినది. మన పొరుగు కర్ణాటకమున బెళగావి, బాగలకోట జిల్లాలలో 2014 మొదలు 2016 వఱకు ఆశా కార్యకర్తలును ఏ.ఎన్.ఎం.లును చేతిలో టాబ్లెట్టుతో ఇండ్లకు పోయి గర్భిణులను పరీక్షించిరి. మొత్తముమీద మరణములును కష్టములును స్పష్టముగా తగ్గలేదు. కాని యీ పద్ధతిని నడపిన ప్రాంతములలో ఎనిమిది తడవలకు తక్కువ గాకుండ పరీక్ష జరిగిన స్త్రీలకు మేలు కనబడినది. నా యభిప్రాయమున నిందలి మర్మ మొక్కటే: అంకెను చూచి వెంటనే కదలు మనిషి యుండవలెను. ఫోనులో చేరిన అంకెను ఎవ్వరును చదువనిచో అది గోడమీది గీతయే.

కొలుచు విధము తెలియవలెను. మూత్రవిసర్జన చేసి, కాఫీ టీలు త్రాగి అరగంట గడచిన పిదప, వీపు ఆనించి అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. కాళ్లు నేలనుంచి, ఒకదానిపై నొకటి వేయక, చేయి గుండె మట్టమున నుంచి, పట్టీని రవికె చేతిపై గాక చర్మముపైననే చుట్టవలెను. మాటలాడరాదు. నిమిషమాగి రెండవతూరి చూచి, రెండంకెలను తేదీతో వ్రాయవలెను. మణికట్టు యంత్రములు నమ్మదగినవి కావు. గర్భిణులయందు పరీక్షింపబడిన యంత్రమునే కొని, మొదట ఆసుపత్రి యంత్రముతో సరిచూచుకొనుట మేలు.

పై అంకె 140 గాని క్రింది అంకె 90 గాని అయినచో ఆనాడే ఏ.ఎన్.ఎం.కు లేక వైద్యునకు తెలుపవలెను. 160 గాని 110 గాని ముట్టినచో తెల్లవాఱువఱకు ఆగరాదు. 108 బండిని పిలువవలెను. విడువని తలనొప్పి, చూపు మసకబాఱుట, ఱొమ్ముక్రింద నొప్పి యున్నచో యంత్రము పచ్చదీపము చూపినను ఆసుపత్రికే పోవలెను. మూర్ఛలను నివారించు మెగ్నీషియము సల్ఫేటు సూదిమందు అక్కడ దొరకును. ముప్పదిమూడు దేశములలో జరిగిన పరిశోధన వలన అది మూర్ఛల ప్రమాదమును సగమునకు పైగా తగ్గించునని 2002 లో రుజువైనది.

ప్రతి యింట యంత్రము కొనుట సాగదు. సంఘము రెండు కొని ఆశా కార్యకర్త వద్ద నుంచినచో ఊరిలో అవసరమైన యిండ్లకు వంతులవారీగా తిరుగును. 2016 నుండి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో జరుగు ఉచిత గర్భిణీ పరీక్షకు ఆ వ్రాతపుస్తకమును తీసికొనిపోవలెను. ఇంటి పరీక్ష దానికి బదులు గాదు.

కాన్పైన పిమ్మట యంత్రమును మఱునాడే పొరుగింటికి పంపివేయుట కలదు. ఇది తగదు. మూర్ఛలు పురిటిలోనే, అందును మొదటి వారముననే వచ్చిన స్త్రీలు పెక్కుమంది కలరు. కావున వైద్యుడు చాలునను దాక పుట్టింటనున్నను మెట్టినింటనున్నను కొలత మానరాదు.