తిరిగి వెళ్ళకూడదనే నిర్ణయం

మనిషి తన మేలు తానే లెక్కేసుకుని నిర్ణయం చేస్తాడని పుస్తకాలు చెప్తాయి. కారంచేడు దగ్గర ఆ లెక్క తేలదు.

1985 జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. ఎవర్నీ అడగలేదు, అడిగే వ్యవధీ లేదు. అట్లాగని అది ఒంటరి నిర్ణయమనలేం. ఆ నీళ్ళు పల్లె మొత్తం తాగేవి. మర్నాడు కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల చేరారు.

అక్కడ ఎదురైంది అసలు ప్రశ్న: ఊరికి తిరిగి పోవాలా, వద్దా? విడిగా చూస్తే ప్రతి కుటుంబానికీ ఇల్లూ కూలీ ఊళ్ళోనే. కానీ కొందరు పోతే వాళ్ళు పాత పెత్తనం కిందికే పోతారు, శిబిరంలో మిగిలినవాళ్ళ బలమూ తగ్గుతుంది. అందరూ ఆగితేనే ఒక్కొక్కరూ ఆగగలరు. మరి పూట గడవాలి కదా! శిబిరంలో తిండి, అదే ఏడు పుట్టిన దళిత మహాసభ అండ లేకపోతే ఆ మాట నిలిచేది కాదని మా అభిప్రాయం. బిందె ఎత్తింది ఆడమనిషైనా, ఉద్యమ చరిత్రలో ఎక్కువగా కనపడేవి మగ నాయకుల పేర్లే. బాధితుల కొత్త ఇళ్ళు మాత్రం చీరాలలోనే, విజయనగర్ కాలనీలో లేచాయి.