738 టెక్స్ట్ ఫైళ్లు, ఒక ఫోన్, మా పిన్ని పాల లెక్క

మే నెలలో రెండు రోజులకని నాతవరం వచ్చాను. ల్యాప్‌టాప్ తేలేదు. వచ్చిన సాయంత్రమే పిన్ని ఒక చీటీ నా చేతిలో పెట్టింది. "సంవత్సరమంతా పోసిన పాలు ఇంతేనంటున్నారు. తక్కువేసినట్టుంది, చూడరా" అంది. పాల కేంద్రం ఏడాది చివర ఇచ్చే బోనస్ చీటీ అది. సభ్యురాలి నంబర్ 047, మొత్తం 1,812.5 లీటర్లు.

పాల కేంద్రంలో ఫ్యాట్ చూసే మెషీన్ పక్కన ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పూటకో టెక్స్ట్ ఫైల్ దాస్తుంది. ఒక్కో లైన్‌లో సభ్యుడి నంబర్, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, రేటు, డబ్బులు, మధ్యలో కామాలు. తేదీ మాత్రం ఫైల్ లోపల ఉండదు, ఫైల్ పేరులోనే ఉంటుంది. కేంద్రం చూసే బాబాయ్‌ని అడిగితే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఫైళ్లన్నీ రెండు జిప్‌లుగా వాట్సాప్‌లో పంపారు. దాచుకోవాలని ఆయనకీ లేదు.

ల్యాప్‌టాప్ లేదు కాబట్టి ఫోన్‌లోనే పైడ్రాయిడ్ 3 వేశాను. ఆరు జీబీ ర్యామ్ ఫోన్, అంతకంటే గొప్పదేం అక్కర్లేదు. పాండాస్ ఇన్‌స్టాల్ చేయబోతే రిపాజిటరీ ప్లగిన్ అనే ఇంకో యాప్ అడుగుతుంది, అది కూడా వేసుకోండి. ఆండ్రాయిడ్ 11 నుంచి వాట్సాప్ ఫైళ్లు 'ఆండ్రాయిడ్' ఫోల్డర్ లోపల ఎక్కడో 'మీడియా'లో ఉంటాయి. వాటిని అక్కడే కెలక్కుండా ఒక కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవడం మంచిది.

టెర్మక్స్ వాడేవాళ్లు "ఇంత హడావుడి ఎందుకు, క్యాట్ కమాండ్ ఒక్క లైన్‌లో అన్నీ కలిపేస్తుంది కదా" అనొచ్చు. కలుపుతుంది. కానీ ఫైల్ పేరు పోతుంది, అంటే మా కేసులో తేదీయే పోతుంది. పైగా ఏదైనా ఫైల్ చివర ఎంటర్ లేకపోతే దాని ఆఖరి లైన్, తర్వాతి ఫైల్ మొదటి లైన్ అతుక్కుని ఒకే లైన్ అయిపోతాయి. ఎర్రర్ కూడా రాదు.

నేను చేసింది మామూలు పద్ధతే. పాత్‌లిబ్‌లో గ్లోబ్‌తో టెక్స్ట్ ఫైళ్లన్నీ పట్టుకుని, ఒక్కోదాన్ని రీడ్ సీఎస్‌వీతో చదివి, ఆ ఫైల్ పేరునే ఒక కొత్త కాలమ్‌గా తగిలించి, ఒక లిస్ట్‌లో వేసుకుంటూ పోయాను. లూప్ అయ్యాక కాన్‌క్యాట్ ఒక్కసారే. లూప్ లోపలే కాన్‌క్యాట్ పెడితే ప్రతిసారీ టేబుల్ మొత్తం మళ్లీ కాపీ అవుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. పాత వీడియోలు చూసి డేటాఫ్రేమ్‌కి అపెండ్ రాస్తే ఎర్రర్ వస్తుంది. 2023లో వచ్చిన పాండాస్ 2.0లో దాన్ని తీసేశారు.

కొన్ని సెకన్లలో దాదాపు 48 వేల లైన్ల టేబుల్ తయారైంది. నంబర్ 47 వడపోసి లీటర్లు కూడాను. 1,855.5. చీటీ కంటే 43 లీటర్లు ఎక్కువ.

పిన్నికి చెప్పేశాను. అదే నా తప్పు. "నాను అనలేదేటి!" అంటూ ఆ రాత్రే కేంద్రానికి బయల్దేరబోయింది. పొద్దున వెళ్దామని బతిమాలి ఆపాను.

పడుకున్నాక గుర్తొచ్చింది, అసలు ఎన్ని ఫైళ్లు చదివానో చూడలేదని. ఏడాదికి 365 రోజులు, రోజుకి రెండు పూటలు, 730 ఉండాలి. నా ఫోల్డర్‌లో 738 ఉన్నాయి. మొదటి జిప్‌లో సెప్టెంబర్ ఆఖరి వరకు ఉన్నాయి, రెండోది సెప్టెంబర్ 27 నుంచే మొదలైంది. నాలుగు రోజుల ఫైళ్లు రెండుసార్లు వచ్చాయి. ఫైల్ మేనేజర్ వాటి పేర్ల చివర (1) తగిలించి పక్కన పెట్టింది, గ్లోబ్ అన్నిటినీ పట్టుకొచ్చింది.

ఇక్కడ డ్రాప్ డూప్లికేట్స్ కొట్టేయాలనిపిస్తుంది. ఆగండి. ఆవు పాలు, గేదె పాలు విడిగా పోసేవాళ్లకి ఒకే పూటలో రెండు లైన్లు ఉంటాయి. తేదీ, పూట, నంబర్ చూసి డూప్లికేట్ అని తీసేస్తే వాళ్ల నిజమైన పాలు ఎగిరిపోతాయి. అందుకే లైన్లు కాకుండా ఫైళ్లనే పోల్చాను. హ్యాష్‌లిబ్‌తో ప్రతి ఫైల్‌కీ హ్యాష్ తీసి, ఒకే హ్యాష్ ఉన్న జంటల్లో (1) ఉన్నదాన్ని పక్కన పెట్టాను. సరిగ్గా ఎనిమిది దొరికాయి. 29 లీటర్లు తగ్గాయి.

ఇలాంటి లెక్కలో ఒక దేశమే పడింది. 2020లో ఇంగ్లండ్‌లో ల్యాబ్‌ల నుంచి వచ్చిన కోవిడ్ సీఎస్‌వీ ఫైళ్లని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాళ్లు పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లోకి లాగారు. ఆ షీట్‌లో 65,536 లైన్లకి మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వాళ్లతో తిరిగినవాళ్లకి కబురు ఆలస్యమైంది. మా ఊరి రెండేళ్ల పాలు కూడా ఆ షీట్‌లో పట్టవు! వచ్చిన లైన్లెన్ని, టేబుల్‌లో ఉన్నవెన్ని అని పోల్చే ఒక్క లైన్ కోడ్ ఉంటే అప్పుడే తెలిసేది. నా కోడ్‌లోనూ అది లేదు, ఇప్పుడు పెట్టాను.

ఇంకా 14 లీటర్ల తేడా మిగిలింది. దీనికి గంటన్నర పట్టింది. పాండాస్ 047ని చూడగానే అంకె అనుకుని 47 చేసేస్తుంది, ముందున్న సున్నా పోతుంది. నంబర్ కాలమ్‌కి డీటైప్ స్ట్రింగ్ అని చెప్పి మళ్లీ చదివించాను. అప్పుడు బయటపడింది. టేబుల్‌లో 047 ఒకరు, 47 ఇంకొకరు. ఆ రెండో '47' పేరు మీద నాలుగే లైన్లు, జనవరిలో సంక్రాంతి రెండు రోజులవి. పండక్కి బాబాయ్ అత్తారింటికి వెళ్తే వేరే కుర్రాడు కూర్చుని సున్నా లేకుండా కొట్టాడు. కేంద్రం సాఫ్ట్‌వేర్ అది వేరే సభ్యుడనుకుంది. పదిహేను రోజుల బిల్లులోనూ పడలేదు, బోనస్‌లోనూ పడలేదు. పండగ సందట్లో పిన్ని కూడా బిల్లు చూసుకోలేదు.

పొద్దున్నే వెళ్లి ఫోన్‌లో ఆ నాలుగు లైన్లూ చూపించాను. 43 లీటర్లని దెబ్బలాడటానికి వెళ్లి ఉంటే ఆయన ముఖం ఎలా చూసేవాళ్లమో! ఆయన పూట పుస్తకం తీసి చూశారు, చేత్తో రాసిన లెక్కలో అవే లీటర్లు ఉన్నాయి. తర్వాతి బిల్లులో పాల డబ్బు, బోనస్ తేడా కలిపి ఇచ్చేశారు. ఆ రెండు రోజుల్లో సున్నా లేకుండా పడిన నంబర్లు ఇంకా పదకొండు తేలాయి. వాళ్లకీ ఇచ్చారు.

లిస్ట్ ఆయనకి ఎక్సెల్‌లో తెరుచుకునేలా పంపాను. సభ్యుల పేర్లు తెలుగులో ఉన్నాయి కాబట్టి సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇచ్చాను. మామూలు యూటీఎఫ్-8 ఇస్తే ఎక్సెల్‌లో పేర్లు పిచ్చి గీతల్లా కనిపించే ప్రమాదం ఉంది.

పోయిన వారం బాబాయే 2023–24 ఫైళ్లు పంపి, అవి కూడా చూడమన్నారు. ఫిబ్రవరి 29 ఉన్న ఏడాది, 732 రావాలి. 731 వచ్చాయి. ఆ ఒక్కటీ ఏ పూటదో వెతుకుతున్నాను.