మీకు తెలుసా? గ్రాము పొడిలో 480 గజాల జాగా!

ఉక్కు కొలిముల లోపలి గోడకు పేర్చే ఇటుకల్లో ఉండేదీ, రసాయన ఆయుధాల విషాన్ని విరగ్గొట్టేదీ ఒకే పదార్థం: మెగ్నీషియం ఆక్సైడ్. 1500 డిగ్రీలు దాటించి కాల్చితే అది మొద్దుబారుతుంది. దేనితోనూ ఓ పట్టాన కలవదు, 2,800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కొలిమికి కావలసింది ఆ మొండితనమే. విషాన్ని పట్టే పొడి తయారీ మాత్రం పూర్తిగా వేరు.

అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో కెనెత్ క్లాబుండే బృందం ఆ పొడిని చేసిన తీరు చూడండి. మెగ్నీషియం లోహాన్ని మిథనాల్‌తో చర్య జరిపించి, టోలీన్ కలిపి, నీళ్లు పోస్తే జెల్ తయారవుతుంది. దాన్ని మామూలుగా ఆరబెడితే పని చెడుతుంది. ఇంకిపోయే ద్రవం సన్నని రంధ్రాల గోడలను దగ్గరికి లాగి కూల్చేస్తుంది. అందుకే ఆటోక్లేవ్‌లో బిగించి 265 డిగ్రీల దాకా వేడిచేసి, ద్రావకాన్ని ఆవిరిగా వదిలేస్తారు. మిగిలేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. కడుపులో మంటకు తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో ఉండేదీ అదే. దాన్ని శూన్యంలో 500 డిగ్రీలకు తీసుకెళ్తే నీరంతా పోయి ఆక్సైడ్ చేతికొస్తుంది. ఒక్కో స్ఫటికం సుమారు 4 నానోమీటర్లు. గ్రాము పొడి ఉపరితలం 400 చదరపు మీటర్లకు తగ్గదు. మన లెక్కలో దాదాపు 480 గజాల ఇంటి స్థలం!

ఇది ఊహ కాదు, కొలిచి చెప్పేదే. మైనస్ 196 డిగ్రీల చలిలో పొడికి ఎంత నైట్రోజన్ అంటుకుందో చూసి వైశాల్యం లెక్కగడతారు. స్ఫటికాల సైజును ఎక్స్‌రేలు చెబుతాయి: స్ఫటికం చిన్నదయ్యే కొద్దీ గ్రాఫులో శిఖరాలు వెడల్పవుతాయి.

స్ఫటికం లోపలున్న మెగ్నీషియం అయాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. మూలన ఉన్నదానికి మూడే. ఆ లోటు వల్లే మూలలూ అంచులూ అంత చురుకు. సోమన్ లాంటి నరాల విషం వచ్చి తగిలితే, దాని అణువును విరిచి ముక్కల్ని తమ దగ్గరే కట్టేసుకుంటాయి. సోమన్, వీఎక్స్, మస్టర్డ్ ఏజెంట్లు గది ఉష్ణోగ్రతలోనే ఇలా విరుగుతాయని క్లాబుండే తదితరులు 1999లో ప్రకటించారు. విషాన్ని పీల్చి దాచుకోవడం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే దాచుకున్నది మళ్లీ బయటపడవచ్చు.

నల్లగొండ ఫ్లోరైడ్ గోస తెలిసినవాళ్లకు ఇంకో సంగతి. మెగ్నీషియం ఆక్సైడ్ నీటిలో హైడ్రాక్సైడుగా మారుతూ ఫ్లోరైడును తనలో కలుపుకుంటుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఈ దారిలో పనిచేశారు. చిక్కల్లా ఒకటే: శుద్ధయిన నీటి పీహెచ్ 10 దాటుతుంది. తాగే ముందు దాన్ని దించాలి, అడుగున చేరిన మడ్డిని తాగునీటి బోర్లకు దూరంగా జాగ్రత్త చేయాలి.