పసిపాదాల తాళం

సంగీతం చెవికి మాత్రమే సంబంధించిన కళ అని పెద్దలు భావిస్తారు. రెండేళ్ళ శిశువు విషయంలో ఈ అభిప్రాయం పొసగదు. ఆ వయస్సులో చేతులు, కాళ్ళు, నడుము, మెడ అన్నీ పాటను వింటాయి. ఈ సంగతి గుర్తించనందువల్లనే, తల్లీబిడ్డలు కలిసి పాల్గొనే సంగీత తరగతులలో బిడ్డ కుదురుగా కూర్చోకపోతే తల్లి చిన్నబుచ్చుకొంటుంది. కొందరు తల్లులు సిగ్గుపడి తరగతికి రావడమే మానుకొంటారు. అప్పుడు నష్టపోయేది బిడ్డయే.

తల్లీబిడ్డల పాట తెలుగువారికి కొత్త కాదు. 15వ శతాబ్దిలోనే తాళ్ళపాక అన్నమాచార్యులు జోలపాటలు రచించాడు. చెమ్మచెక్క, కాళ్ళాగజ్జె వంటి ఆటపాటలలో చేయో కాలో కదలనిదే పాట సాగదు. రాయలసీమ పల్లెల చెక్కభజనలో పాడేవారే అడుగులు వేస్తారు. అటువంటి చోట పసివాడి గంతు అల్లరిగా కనిపించదు. తరగతి గది మాత్రం బిడ్డకు కొత్త. తెలియని ముఖాలు, పెద్ద శబ్దాలు, నిర్ణీత సమయం అతనిని కలవరపెడతాయి. ఆకలి, నిద్ర తోడైతే ఏడుపు తప్పదు.

కదలికంతా అశ్రద్ధ కాదని శాస్త్రజ్ఞులు కూడా గమనించారు. మార్సెల్ జెంట్నర్, తువోమాస్ ఈరోలా 5 నెలల నుండి 24 నెలల వయస్సు గల 120 మంది శిశువులను పరిశీలించి, 2010లో ఫలితాలను ప్రకటించారు. మాటలు విన్నప్పటి కంటె సంగీతం, లయ విన్నప్పుడు శిశువుల దేహాలు అధికంగా కదిలాయి. కదలిక లయతో బాగా కుదిరినప్పుడు వారు ఎక్కువగా నవ్వారు.

కనుక తల్లి చేయవలసిన మొదటి పని బిడ్డను బిగించి పట్టుకోకుండా ఉండటం. అతడు గది మూలకు పరుగెత్తినా ఆమె తన పాట ఆపరాదు. పాడుతున్న తల్లి వైపు బిడ్డ మధ్యమధ్య తిరిగి చూస్తాడు. జపానులో షినిచి సుజుకి రూపొందించిన బోధనా పద్ధతిలో తల్లి కూడా వాద్యం నేర్చుకొంటుంది. ఆమెను చూచి బిడ్డకు ఆసక్తి కలుగుతుంది. ఇక్కడి సూత్రమూ అదే.

తరగతికి ముందు బిడ్డకు తిండి, నిద్ర సరిపోవాలి. కొంచెం ముందుగా వచ్చి గదిని అతనికి చూపాలి. చేతికి గిలక్కాయ ఇస్తే పరుగు తాళంగా మారవచ్చు. ఏడుపు ఆగకపోతే బయటికి తీసుకొనిపోయి, శాంతించిన పిమ్మట తిరిగి తీసుకొనిరావాలి. ఇతర పిల్లలను కొట్టినా, వాద్యాలను విసిరినా మృదువుగా, స్థిరంగా వారించాలి. స్వేచ్ఛకూ హద్దు అవసరం. గురువు కూడా గంతులు వేయించే పాటనూ, ఒడిలో ఊపే పాటనూ మార్చి మార్చి పాడించాలి. ఒక బిడ్డను మరొక బిడ్డతో పోల్చరాదు.

నంద్యాల జిల్లాలోని యాగంటి క్షేత్రంలో బసవన్న నానాటికీ పెరుగుతున్నాడని భక్తుల విశ్వాసం. ఎదురుగా నిలుచుండి చూచేవారికి ఆ పెరుగుదల కంటికి కనబడదు. పసివారి సంగీతాభ్యాసమూ అటువంటిదే. తరగతిలో పెదవి కదపని బిడ్డ, ఇంటివద్ద నీళ్ళు పోయించుకొంటూ అదే పాటను ముద్దుముద్దుగా అందుకొంటాడు. ఆ క్షణం వరకు ఓర్పు వహించడమే తల్లి అందించగల గొప్ప సహాయం.